బహుమాన ప్రకటనలును దొలినాఁటి వచనకథలును

ఆంధ్రవాఙ్మయ చరిత్రములయందు నవలల ప్రస్తావము వచ్చినప్పుడెల్ల నీ గ్రంథము బహుమానము నందినది యను మాట తఱచుగాఁ గానవచ్చును. ఆ బహుమానమును బ్రకటించిన వారెవరు, ఆ ప్రకటనయందలి నియమము లెట్టివి, ఆ నియమములు గ్రంథకర్త చేతి నెట్లు నడపినవి యను విషయములు మాత్రము సాధారణముగా విచారింపఁబడవు. ప్రకటన వర్తకమునకుఁ జెందినది, గ్రంథము సారస్వతమునకుఁ జెందినది యను భావమే యీ యుపేక్షకు మూలము. కాని 1900 ప్రాంతమున నీ రెండును నొకే కాగితముపై, నొకే ముద్రాశాలలోఁ బుట్టినవి. వానిని విడఁదీసి చదివినచోఁ దొలినాఁటి వచనకథల జన్మవృత్తాంతములో సగము మనకు దక్కదు. ఈ సంగతిని రాజమహేంద్రవరమందలి చింతామణీ పత్రికవారి పరీక్షలను, గలకత్తాయందలి యొక తైలవర్తకుని పరీక్షలను దృష్టాంతములుగాఁ గొని యిందు వివరింపఁబూనితిమి.

ముందుగా నాఁటి పత్రికల జీవనోపాయమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మాసపత్రికకు రెండే యాధారములు: చందాలును బ్రకటనలును. చందా యేఁటేఁట ముందుగా రావలసినదే యైనను బకాయి పడుట సామాన్యము. కాగితము, అచ్చుకూలి, తపాలా రుసుము అను మూఁటికిని రొక్కము ముందుగాఁ గావలెను. ఆ కొఱఁతను దీర్చుటకుఁ బత్రికల పైయట్టలును గడపటి పుటలును బ్రకటనలకు విడువఁబడెను. పుస్తకములు, తలనూనెలు, లేహ్యములు, జ్వరహరములు, గడియారములు మొదలగునవి యందలి సరకులు. 1877లోఁ దపాలాశాఖవారు వి. పి. పద్ధతిని నెలకొల్పినపిదప సొమ్ము ముందుగాఁ బంపకయే సరకును దెప్పించుకొని, యది చేతి కందినప్పుడు వెల చెల్లించుటకు వీలుగలిగెను. దానితోఁ బట్టణపు వర్తకునకుఁ బల్లెటూరి చదువరియు గిరాకీదారు కాఁజొచ్చెను. పత్రికను జదువువాఁడు, సరకును గొనువాఁడు, అవకాశమున్నచోఁ గథను వ్రాయఁగలవాఁడు — ఈ మువ్వురు నాఁటి విద్యావంతుని యందే యొక్కటియై యుండిరి. ఆ యొక్కనిని మూఁడు పేరులతోఁ బిలుచుటకుఁ దగిన సాధనము బహుమానప్రకటన.

ఈ సాధనము పత్రికలవారు క్రొత్తగాఁ గల్పించినది కాదు. దానికి ముందు దొరతనమువారి బహుమానములు గలవు. 1868లో వాయవ్య మండలముల లెఫ్టినెంటు గవర్నరగు సర్ విలియం మ్యూరు దేశభాషలలో నుపయోగకరములగు గ్రంథములు వ్రాయువారికి బహుమానము లీయఁబడునని ప్రకటింపఁజేసెను. నజీరు అహమ్మదు తన కూఁతుల చదువుకొఱకు వ్రాసి 1869లో నచ్చొత్తించిన మిరాతుల్ ఉరూస్ అను నుర్దూ కథకు నా ప్రకటన ననుసరించి వేయి రూపాయలు ముట్టెను. ఉపయోగకరమైన గ్రంథము కావలెనని ప్రకటన కోరెను. గృహకృత్యములందు నేర్పరియగు చెల్లెలిని, నేర్పులేని యక్కను బ్రక్కప్రక్కల నిలిపి స్త్రీవిద్యను బోధించు కథ బహుమాన మందెను. కోరికకును ఫలమునకును గల సంబంధ మిచట స్పష్టము.

తెలుఁగున దీనికిఁ జేరువయగు దృష్టాంతము శ్రీరంగరాజ చరిత్రము. కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా నుండిన నరహరిశెట్టి గోపాలకృష్ణమ సెట్టిగారు దీనిని 1872లోఁ బ్రకటించిరి. సోనాబాయి పరిణయ మని దీనికి నామాంతరము. గవర్నరు జనరలగు మేయో ప్రభువు కాలమున, వంగదేశీయుల యాచారవ్యవహారములను దెలుపు గ్రంథమునకు బహుమాన మీయఁబడునని వెలువడిన ప్రకటన యీ రచనకుఁ బ్రేరకము. ఆ బహుమానము తెలుఁగు గ్రంథమున కుద్దేశింపఁబడినది కాదు. ఐనను బ్రకటన యొక్కటియే దూరదేశమందలి కలమును గదలించెను. ప్రకటన యాచారవ్యవహారములను గోరినది. మన గ్రంథమును హిందువుల యాచారములనే వర్ణింపఁబూనెను. కావున బహుమాన మందని గ్రంథముమీఁదను బహుమానప్రకటన ముద్ర పడుట కలదని గ్రహింపవలెను.

అప్పటికి నీ రచనాభేదమునకు మన భాషలో స్థిరమైన పేరు లేదు. గోపాలకృష్ణమ సెట్టిగారు తమ కృతిని నవీనప్రబంధ మనిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878 మొదలుకొని వివేకవర్ధనిలోఁ బ్రకటించి 1880లోఁ బుస్తకముగా వెలువరించిన రాజశేఖర చరిత్రమును వచనప్రబంధ మనిరి. దానిని విమర్శించుచుఁ గాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రులుగారు నవల యను పదమును వాడిరి. విమర్శయందుఁ బుట్టిన పేరు వ్యవహారమునఁ బాతుకొనుటకు మఱియొక ప్రోద్బలము కావలసి యుండెను. పరీక్షను బ్రకటింపఁబూనినవారు దేనికిఁ బరీక్షయో చెప్పక తప్పదు గదా. వ్రాయువారు, పరిశీలించువారు, చదువువారు ముగ్గురును నొకే పేరుతో నొకే వస్తువు నుద్దేశించుట కట్టి ప్రకటన సహాయపడునని చెప్పుటలో నతిశయోక్తి లేదు.

ఇఁకఁ జింతామణి సంగతి. న్యాపతి సుబ్బారావు పంతులుగారు 1891లో రాజమహేంద్రవరమున నీ మాసపత్రికను స్థాపింపఁగా వీరేశలింగము పంతులుగారు సంపాదకులైరి. ఆ పత్రిక పక్షమున నవలల పరీక్షలు ప్రకటింపఁబడెను. 1893లో ఖండవల్లి రామచంద్రుఁడుగారి ధర్మవతీవిలాసము బహుమానమును గాంచెను. 1894లోఁ జిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి రామచంద్రవిజయమున కట్టి గౌరవము లభించెను. తరువాతఁ జిలకమర్తివారి హేమలత 1896లోను, అహల్యాబాయి 1897లోను వెలువడెను. తల్లాప్రగడ సూర్యనారాయణరావుగారు మొదలగు మఱికొందఱును నీ పరీక్షల మూలముననే నవలాకర్తలుగాఁ బేరు వడసిరి.

ఈ పరీక్షలవలనఁ గలిగిన ప్రయోజనము లేవి? మొదటిది, గడువు. రాజశేఖర చరిత్రము వెలువడిన పిదప నించుమించుగాఁ బండ్రెండేండ్లవఱకుఁ దెలుఁగున నవలలు మిక్కిలి యరుదు. పరీక్షలు మొదలైనతోడనే సంవత్సరమునకొక మాఱు వ్రాఁతప్రతులను సిద్ధపఱుపవలసిన యవసరము గలిగెను. రెండవది, క్రొత్త చేతుల రాక. చిలకమర్తివా రప్పటికి నాటకకర్తలుగాఁ బేరందుచుండిరి. వారిని నవలవైపునకుఁ ద్రిప్పినది యీ ప్రకటనయే. మూఁడవది, విషయవిస్తారము. రామచంద్రవిజయము తెలుఁగింటి సంసారకథ. హేమలత రాజపుత్రస్థానపు చరిత్రమునకుఁ బోయినది. అహల్యాబాయి మహారాష్ట్రదేశపు రాణి. ఏటేఁట నొకే పరీక్షకు వ్రాయువాఁడు పోయినయేఁటి కథనే మరలఁ జెప్పఁజాలఁడు గావున నాలుగేండ్లలోపలనే నవల యింటినుండి కోటకుఁ బయనమయ్యెను. దీనికిఁ గవియొక్క ప్రతిభ కారణము కాదని మా యభిప్రాయము కాదు. ఆ ప్రతిభకు నేఁటేఁటను దొందర కల్పించిన నిమిత్తము నుపేక్షింపరాదనియే.

చింతామణివారిది సారస్వతపత్రికయొక్క పరీక్ష. శుద్ధవర్తకుఁ డొకఁడు కథలకు బహుమాన మిచ్చినచో నేమగును? దీనికి సమాధానము సరిగా నా సంవత్సరములయందే కలకత్తాలో దొరకుచున్నది. హేమేంద్రమోహన బోసు అను నుద్యోగశీలుఁడు కుంతలీన మను తలనూనెను, దేల్‌ఖోస్ అను పరిమళద్రవ్యమును, దాంబూలమునకుఁ దాంబులీన మను సుగంధమును దయారుచేసి విక్రయించుచుండెను. బైసికిళ్ల వర్తకము, గీతముల ధ్వనిముద్రణము మొదలగు క్రొత్త వ్యాపారములందును నీతఁడు చేయి పెట్టెను. సొంత ముద్రాశాలయుఁ గలదు. ఈతఁడు 1896లోఁ గుంతలీన పురస్కార మను పేరఁ జిన్నకథలకు బహుమానములు ప్రకటించి, వానిని సంపుటములుగా నచ్చొత్తించుట మొదలిడెను.

ఆ ప్రకటనయందలి నియమము మిక్కిలి విచిత్రమైనది. కథాసౌందర్యమునకు లేశమైనను భంగము రాకుండఁ గుంతలీనమును, దేల్‌ఖోసును నేర్పుతోఁ బ్రస్తావింపవలెను. ఐనను నది సరకుల ప్రకటన యని చదువరికిఁ దోఁపరాదు. ఇదియే దాని తాత్పర్యము. వర్తకుఁడు తన సరకు పేరును గోరెను, దాని స్తుతిని మాత్రము నిషేధించెను. ఈ నిషేధములోనే విశేష మున్నది.

మన పండితులకు నీ నియమము వినఁగానే దత్తపది స్ఫురింపక మానదు. అవధాన సభలో బృచ్ఛకుఁడు సంబంధములేని నాలుగు పదముల నిచ్చి, వానిని జొప్పించి భారతార్థమునఁ బద్యము చెప్పుమనును. ఆ పదములు పద్యములోఁ గుట్టినట్లుండక పుట్టినట్లుండవలెను. ఆ దశాబ్దములందే తిరుపతి వేంకటకవులు శతావధానములతో నాంధ్రదేశమున సంచరించుచుండిరి గాన మన వారి కీ విద్య కొట్టిన పిండి. కలకత్తా వర్తకుఁడును దన కథకుల కిచ్చినది దత్తపదియే. భేద మొక్కటి. దత్తపదిలోఁ గవి పదమును విఱిచి వేఱర్థమునకు మలఁచుకొనవచ్చును. కుంతలీన పరీక్షలోఁ దైలము తైలముగనే యుండవలెను. కనుక నచట శబ్దచమత్కారము పనికిరాదు. ఆ వస్తువున కొక సహజమైన యవసరమును గథలోఁ గల్పింపవలెను. అనఁగాఁ గథాసంవిధానమే యా పరీక్షకు లక్ష్యము.

ఆ పరీక్షకు వచ్చిన రెండు కథలను జూచిన నీ సంగతి విశదమగును. 1896లో మొదటి బహుమానము నందినది జగదీశచంద్ర బోసుగారి నిరుద్దేశుని కథ. విద్యుత్తరంగ పరిశోధనలచేఁ బ్రసిద్ధుఁడైన శాస్త్రజ్ఞుఁ డీతఁడే. కలకత్తాపైకి గొప్ప తుపాను రానున్నదని శాస్త్రజ్ఞులు చాటఁగా నది రాకయే మాయమగును. కారణమును జెప్పలేక శాస్త్రజ్ఞులు తికమకపడుదురు. అసలు సంగతి కథకునకుఁ దెలియును. జబ్బుపడి జుట్టూడిపోఁగా నాతఁ డారోగ్యమునకై యోడమీఁద సింహళమునకుఁ బోవుచుండెను; కూఁతురు తండ్రికి నొక తలనూనె సీసాను వెంట నిచ్చెను. సముద్రమధ్యమునఁ దుపాను వచ్చి పడఁగా, నీటిపై నూనె పోసినచో నలలు శమించునని చదివిన మాట జ్ఞప్తికి వచ్చి సీసాను సముద్రములో నొలికించెను, తుపాను శాంతించెను. నూనె నీటిపైఁ బలుచని పొరగా వ్యాపించి యలల నణఁచు సంగతిని బెంజమిన్ ఫ్రాంక్లిను 1774లోనే శాస్త్రరీతిని బ్రకటించి యుండెను. శాస్త్రమును హాస్యమును గలిపిన యీ కథలో నూనెసీసాను దీసివేసినచోఁ గథయే లేదు. ఐనను నది జుట్టునకు మంచిదని యెవ్వరును వాదింపరు. దత్తపది పద్యములోఁ గరఁగిన తీరిది. 1921లో బోసుగారు తమ యవ్యక్తమను సంపుటములో దీనిని సవరించి పలాయిత తుఫాను అను నర్థముగల పేరుతోఁ జేర్చునప్పుడు తైలమునకుఁ గుంతలకేసరి యని కల్పితనామ మిడిరి. వర్తకునియెడ నియమము తీఱెను గనుక సరకుపేరు పోయినది. కథ మాత్రము చెక్కుచెదరలేదు.

రెండవది శరచ్చంద్ర చటోపాధ్యాయుని మందిరము. తెలుఁగు పాఠకులకు ననువాదములమూలమునఁ జిరపరిచితుఁడైన యీ మహారచయిత కథ మొదట నచ్చుపడినది కుంతలీన పురస్కార సంపుటములోనే, 1903లో. అదియుఁ దన పేరఁ గాక మేనమామ వరుసవాఁడగు సురేంద్రనాథ గంగోపాధ్యాయుని పేరఁ బంపఁబడెను. ఆ సంవత్సరముననే శరత్తు బర్మాకుఁ బోయెను. ఆ కథలో నపర్ణ యను జమీందారు కూఁతురు పుట్టింటి దేవాలయమునకే తన మనస్సు నర్పించి, వైధవ్యానంతర మా సేవయే ప్రాణముగా నుండును. యువకుఁడగు పూజారి శక్తినాథుఁడు పట్టణమునుండి పరిమళద్రవ్యపు సీసాలను దెచ్చి యామెకుఁ గానుకగా నిచ్చును. ఆమె కోపించి వానిని బాఱవేయును. కొలఁది దినములకే యాతఁడు జ్వరమున మరణించును. అప్పు డామె యా సీసాలనే వెదకి తెచ్చి, తాను స్వీకరింపలేనిదానిని స్వీకరింపు మని దేవుని పాదములకడ నుంచును.

ఇది నిశితముగాఁ బరిశీలింపఁదగినది. పరిమళద్రవ్యమును విక్రయించువాఁడు పెట్టిన పరీక్షలో బహుమానమందిన కథయందుఁ బరిమళద్రవ్యము తిరస్కరింపఁబడినది, నేలపాలైనది, మృతుని స్మారకమైనది. దానిని బూసికొని సంతోషించినవా రెవరును లేరు. స్తుతింపరాదను నియమము లేనిచో నీ కథ వ్రాయఁబడుటకు గాని, వ్రాయఁబడినను బహుమానము పడయుటకు గాని వీలు లేకుండెడిది. దాత తన్నుఁ దాను నిగ్రహించుకొనినంత మేర కథకునకు స్వాతంత్ర్యము చిక్కినది. ఆ పరీక్షవలన వర్తకునకు వచ్చిన లాభ మెంత యైనను, వంగసారస్వతమునకు వచ్చినది మాత్రము చిన్నది కాదు.

ఇందుల కొక యాక్షేపము గలదు. ధనమునకై, పరుని నియమమునకు లోఁబడి వ్రాసినది కవిత్వ మెట్లగును? ఈ ప్రశ్నకు మన ప్రబంధములే ప్రత్యుత్తరము. కృతిపతిని గోరి, యవతారికలో నాతని వంశమును వర్ణించి, షష్ఠ్యంతములు పలికి, యాశ్వాసాద్యంతముల నాతని సంబోధించుట మన సంప్రదాయము. ప్రభువు పేరు కావ్యములోఁ దప్పక యుండును. ఐనను గథాభాగములోనికిఁ జొరఁబడదు. ద్వారమున నిలిచిన పోషకుఁ డాతఁడు. కుంతలీన వర్తకుఁడు ద్వారమును దాఁటి కథలోనికి వచ్చెను గాని నోరు మెదపక యొక మూల నిలిచెను. చింతామణివారు లోనికిని రాలేదు, ద్వారమునను నిలువలేదు. గడువును, బహుమానమును మాత్రము నిర్ణయించిరి. ఈ మూఁడు విధములలోను బోషకుఁ డున్నాఁడు. కావునఁ బోషకుఁడు గలఁడా లేఁడా యనునది ప్రశ్న కాదు; ఆతఁ డెచట నిలిచెను, ఎంత మాటాడెను అనునదియే విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్న.

వర్తకుఁడే పత్రికాధిపతి యగుట నాలవ విధము. దీనికి దృష్టాంతము మన యాంధ్రులలోనే కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియం దమృతాంజనమును స్థాపించి, దాని రాఁబడితో 1908లో నచటనే యాంధ్రపత్రికను వారపత్రికగాఁ బ్రారంభించిరి. అది 1914లో మదరాసున దినపత్రిక యయ్యెను. 1924లో భారతి వెలువడెను. లోధ్ర మను నౌషధమువలనఁ బ్రసిద్ధులైన కె. ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మిని నెలకొల్పి, 1934 మొదలుకొని రచయిత్రులకు స్వర్ణకంకణము నొసఁగుచు వచ్చిరి. ఇచట నౌషధము కథలోనికి రాలేదు. పత్రికయొక్క యట్టమీఁద నుండి లోపలి పుటలను బోషించెను. ఆ 1934లోనే యాంధ్ర విశ్వకళాపరిషత్తువారి పరీక్షలో విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలును, అడివి బాపిరాజుగారి నారాయణరావును బహుమానమును బంచుకొనుట చదువరు లెఱిఁగినదే. చింతామణి నాఁటి పరీక్షకు నది నలువదియేండ్ల తరువాతి మెట్టు.

ఇంతవఱకుఁ జెప్పినది ప్రకటనలకు సారస్వతచరిత్రమునందుఁ గల స్థానమును గూర్చి. ఇఁకఁ గర్తవ్యమును గూర్చి యొక మాట. గ్రంథాలయములలో బాఁతపత్రికలను సంపుటములుగాఁ గట్టించునప్పుడు పైయట్టలను, బ్రకటనల పుటలను దొలఁగించు నలవాటు చిరకాలముగాఁ గలదు. స్థలము కలిసివచ్చును, పుటసంఖ్య తప్పదు అని దాని సమర్థన. కాని బహుమానప్రకటనలు పెక్కు లా పుటలమీఁదనే యచ్చుపడినవి. వానితోఁ బాటుగా గడువు, పుటలమితి, విషయనియమము, పరిశీలకుల పేళ్లు, పుస్తకము వెల మొదలగునవియుఁ బోయినవి. మిగిలిన సంపుటమునకు ఛాయాప్రతి తీసినను బోయిన పుట తిరిగి రాదు.

దీనివలనఁ గాలనిర్ణయమునందును జిక్కు లేర్పడుచున్నవి. ఒక నవలకుఁ బరీక్షాసంవత్సర మొకటి, పత్రికలోఁ బ్రకటింపఁబడిన సంవత్సర మొకటి, పుస్తకరూపము దాల్చిన సంవత్సర మొకటి యుండవచ్చును. రాజశేఖర చరిత్రమునకు 1878 యని యొకరును, 1880 యని యొకరును వ్రాయుటకుఁ గారణ మిదియే. ఇరువురును దప్పు చెప్పినవారు కారు. బహుమాన మందిన నవలల విషయమున నీ చిక్కు మూఁడింతలు. ప్రకటనపత్రము దొరకినచోట నీ వివాదము తనంతనే తీఱును. పాఠశాలలయందు నవలాచరిత్రమును బోధించు పండితులు సంవత్సరమును జెప్పునప్పుడు నది దేనికి సంబంధించినదో కూడఁ జెప్పుట మేలు.

కావున గ్రంథాలయాధికారులును, బ్రాఁతసంచికలు గల గృహస్థులును యట్టలతోను, బ్రకటనలతోను గూడిన ప్రతులను వేఱుగాఁ గాపాడవలెననియు, సంపుటములకు సూచిక తయారుచేయువారు బహుమానప్రకటనలను, ఫలితప్రకటనలను వ్యాసములతో సమానముగా నందుఁ జేర్పవలెననియు మా మనవి. చింతామణి మొదలుగాఁ గల పత్రికలకుఁ బరీక్షల పట్టిక యొకటి — ప్రకటించిన తేది, నియమములు, వచ్చిన గ్రంథములు, గెలిచినవి, అచ్చుపడిన తేది యను నైదు గడులతో — సిద్ధమైనచోఁ దెలుఁగు నవలయొక్క తొలి దశాబ్దమును మఱింత నిశ్చయముగా వ్రాయవచ్చును. ఇది యొక్కరివలనఁ గాఁగల పని కాదు. ఒక్కొక్క యూరిలో నొక్కొక్క సంచిక దొరకిన నదియే చాలును. విజ్ఞు లాలోచింతురు గాక.